జనగణనలో మతం గడి: దళిత కతోలికులు ఏమి చెప్పాలి?

హన్మకొండ విశ్వాసి:

గత ఆదివారం పూజ ముగిసే ముందు ప్రకటనల్లో మా ఫాదర్ గారు ఒక మాట చెప్పారు. 2027 ఫిబ్రవరిలో జనగణన సిబ్బంది ఇంటికి వచ్చి మతం అడిగినప్పుడు ‘క్రైస్తవులం’ అని నిర్భయంగా చెప్పండి, విశ్వాసాన్ని దాచుకోకండి అన్నారు. చివరి పాట అయిందో లేదో, గుడి ముందు వేపచెట్టు కింద వాదన మొదలైంది. ఎస్సీ ధ్రువపత్రం మీద పిల్లలను చదివించుకుంటున్నవాళ్లు ఒకవైపు, ఆ పత్రంతో పనిలేనివాళ్లు మరోవైపు. అందరూ అప్పుడే దివ్యసత్ప్రసాదం తీసుకుని బయటికి వచ్చినవాళ్లే.

తెలియనివారి కోసం చెబుతున్నాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివారిని షెడ్యూల్డు కులాల కింద లెక్కించరు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. మన తెలంగాణలో క్రైస్తవంలోకి వచ్చిన దళితులకు ఉన్నది బీసీ-సి, అంటే వెనుకబడిన తరగతుల్లోని సి వర్గం, దాని రిజర్వేషన్ వాటా ఒక్క శాతం.

నా అభిప్రాయం దాచను. ఫాదర్ గారు ఈ విషయం ఎత్తడం తప్పు కాదు. రెండో వాటికన్ మహాసభ 1965లోనే చెప్పింది: శ్రీసభ, అంటే మన కతోలిక సంఘం, ఏ రాజకీయ వ్యవస్థకూ కట్టుబడి ఉండదు, కానీ మనిషి మూలహక్కులకు సంబంధించినప్పుడు రాజకీయ విషయాల మీద కూడా నైతిక తీర్పు చెప్పే హక్కు దానికి ఉంది. నా బాధ అంతా వరుస తప్పిందని. ముందు ఆ ఉత్తర్వు అన్యాయమని బలిపీఠం దగ్గర నిలబడి చెప్పాలి, తర్వాత గడి సంగతి చెప్పాలి. అన్యాయం గురించి ఒక్క మాట లేకుండా, దానికి బలైనవాడినే ధైర్యంగా ఉండమంటే ఎలా? మీరేమంటారు?

ధర్మసాగర్ నుంచి ఒక తండ్రి:

అక్కా, సూటిగా చెబుతాను. నేను క్రైస్తవం అని రాయించను.

మా ఇంట్లో తిరుహృదయం పటం ఉంది, ఫాతిమా మాత ఉంది, జోజప్ప గారు ఉన్నారు. రోజూ రాత్రి జపమాల చెప్పుకున్నాకే అన్నం తింటాం. మా నాన్న మాదిగ, నేను మాదిగ. జ్ఞానస్నానం తర్వాత కూడా ఊరు మమ్మల్ని ఆ పేరుతోనే పిలిచింది. డప్పు కొట్టడానికి రమ్మన్నప్పుడు, చచ్చిన గొడ్డును తీయమన్నప్పుడు మేము ఏ గుడికి వెళ్తామని ఎవరూ అడగలేదు. సర్కారు మాత్రమే అడుగుతోంది.

నా కూతురి ఇంజినీరింగు సీటు, ఫీజు, హాస్టలు అన్నీ ఆ ఒక్క కాగితం మీద నడుస్తున్నాయి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు సెల్వరాణి కేసులో ఇచ్చిన తీర్పు పేపర్లో చదివాను. పుదుచ్చేరి అమ్మాయి, గుమస్తా ఉద్యోగం కోసం ఎస్సీ పత్రం అడిగింది. పసితనంలో జ్ఞానస్నానం అయింది, గుడికి వెళ్తోంది, కాబట్టి రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమే అన్నారు. 2025లో పక్కనున్న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారిన ఒక పాస్టరుకు ఎస్సీ ఎస్టీ అత్యాచారాల చట్టం రక్షణ వర్తించదని చెప్పింది. ఇవన్నీ చూశాక నేను నోరు విప్పాలా?

దాక్కుని బతకాలని నాకేమీ సరదా లేదు. బిడ్డ పెళ్లి గుడిలో చేయాలని ఉంది, శుభలేఖ మీద సిలువ వేయించాలని ఉంది. మొన్న మా అన్న కొడుకు పెళ్లికి శుభలేఖ మీద సిలువ ఉండాల్సిన చోట రెండు పూలు అచ్చు వేయించారు. ఎందుకని ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు.

కాజీపేట, గుంటూరు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లం:

ఆ తండ్రి గారి బాధ నాకు అర్థమవుతుంది. కానీ అబద్ధ సాక్ష్యం చెప్పవద్దన్నది ఎనిమిదో ఆజ్ఞ. దానికి మినహాయింపులు రాసి ఇవ్వలేదు. విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన వేదసాక్షుల పండుగలు చేసుకుంటాము, వాళ్ల పేర్లు పిల్లలకు పెట్టుకుంటాము. గుడిలో విశ్వాస సంగ్రహం గట్టిగా చదివి, వాకిట్లో హిందువులం అంటే చూస్తున్న పిల్లలు ఏమి నేర్చుకుంటారు?

ఇంకొకటి. 1971 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు నాలుగు శాతానికి పైగా ఉన్నారు. 2011కు వచ్చేసరికి 1.34 శాతం. ఈ నలభై ఏళ్లలో గుళ్లు తగ్గాయా, ఆదివారం జనం తగ్గారా? తగ్గింది లెక్క మాత్రమే. సమాధుల స్థలం కోసం కలెక్టరేటుకు వెళ్తే మొదట అడిగేది మీరు ఎంతమంది అనే. కాగితం మీద మనమే లేకుండా చేసుకుని, ప్రభుత్వం పట్టించుకోవడం లేదంటే ఎవరు వింటారు?

గుడిని రిజర్వేషన్ల రాజకీయంలోకి లాగవద్దని నా మనవి. ఫాదర్ గారు సత్యం చెప్పమన్నారు. గురువు పని అదే.

మానుకోట తండా:

మేము లంబాడాలం, కతోలికులం. మతం అడిగితే క్రైస్తవం అనే చెబుతాను. నా ఎస్టీ పత్రానికి ఏమీ కాదు, ఎందుకంటే షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. పూజలో నా పక్కన కూర్చునే మాల స్నేహితుడు అదే జవాబు తహసీల్దారు ముందు చెబితే పత్రం రద్దు. ఎనిమిదో ఆజ్ఞ పాటించడానికి నాకు పైసా ఖర్చు లేదు, మీకూ లేదు. అతనికి మాత్రం పిల్లల చదువంత ఖర్చు. కాజీపేట అన్న ఈ తేడా కూడా చూడాలి.

మతం మారిన ఎస్టీలకు కూడా హోదా తీసేయాలని సభలు పెడుతున్నవాళ్లు ఉన్నారు. కాబట్టి ఇది మాల మాదిగల గొడవ అని మేము దూరంగా కూర్చోలేము.

విశ్రాంత ఉపాధ్యాయుడు:

గతంలో జనగణనలో ఎన్యూమరేటరుగా ఇల్లిల్లూ తిరిగినవాడిని. భయం ఉండాల్సిన చోట ఉండనిద్దాం, లేనిచోట తీసేద్దాం.

1948 నాటి జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం మీరు చెప్పిన వివరాల ఫారాన్ని తనిఖీ చేసే హక్కు ఎవరికీ లేదు. ఆ చట్టం కింద నడిచే కేసుల్లో తప్ప మరే కోర్టులోనూ అది సాక్ష్యంగా చెల్లదు. మీ అమ్మాయి పత్రం పరిశీలించే అధికారి ఆ ఫారం తెప్పించుకుని చూడలేరు. ఎన్యూమరేటరు వివరాలు బయటపెడితే శిక్ష ఉంది. మతం విషయంలో మీరు చెప్పింది చెప్పినట్టు రాయాలే తప్ప వాదించకూడదు. సెల్వరాణి కేసులో కోర్టు చూసింది జ్ఞానస్నానాన్ని, ఊళ్లో జరిపిన విచారణను. జనగణన ఫారాన్ని కాదు. కాబట్టి ధర్మసాగర్ సోదరుడికి నా మాట: జనగణనలో నిజం చెబితే పత్రం పోతుందన్న భయానికి చట్టంలో ఆధారం లేదు. 2024 నవంబరులో మన రాష్ట్రం చేసిన కులగణన ఈ చట్టం కింద జరిగినది కాదు, రెంటినీ కలపకండి.

అయితే ఎన్యూమరేటరు చాలాచోట్ల మన ఊరి బడి పంతులే. ఫారానికి తాళం ఉంటుంది, రచ్చబండ మీది మాటకు ఉండదు. ఆ జంకు నిజమైనదే, దాన్ని నేను తేలిక చేయను. ఇంకో చిక్కు కూడా ఉంది. 2011 జనగణనలో ఎస్సీగా నమోదు కావాలంటే హిందువో, సిక్కో, బౌద్ధుడో అయి ఉండాలి. మాదిగ, క్రైస్తవుడు అని చెప్పినవారు ఎస్సీ లెక్కలోకి రాలేదు. చట్టసభల్లో ఎస్సీ స్థానాలు నిర్ణయించేది ఆ లెక్కను బట్టే. అంటే నిజం చెప్పినందుకు నష్టం ఆ ఇంటితో ఆగలేదు, వాడకు కూడా తగిలింది.

ఈసారి అన్ని కులాలనూ లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. 1931 తర్వాత అలాంటి లెక్క ఇదే. అందుకే మతం ఒక్కటే చెప్పి ఊరుకోవద్దు, కులం కూడా చెప్పండి అంటాను. ఎందుకో వినండి. 1985లో సూసై కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. ఆయన మద్రాసు రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే మనిషి. అక్కడ చెప్పులు కుట్టేవారికి ప్రభుత్వం కూర్చుని పనిచేసుకునే చిన్న బంకు కొట్లు ఉచితంగా ఇచ్చింది, క్రైస్తవుడని ఆయనకు ఇవ్వలేదు. కోర్టు ఏమన్నది? మతం మారాక కూడా ఆ వెలి, ఆ వెనుకబాటు అదే తీవ్రతతో సాగుతున్నాయని చూపే ఆధారాలు తమ ముందు లేవన్నది. ఆయన ఓడిపోయింది ఆధారాలు లేక. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరా తీసేయాలని సిఫారసు చేసింది, దాన్ని పక్కన పెట్టారు. 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో మరో కమిషన్ వేశారు. లెక్కల్లోనే లేని మనుషుల కోసం ఏ కమిషనైనా ఏ ఆధారం చూపిస్తుంది?

హుజూరాబాద్ యువకుడు:

నేను హిందువును, మాదిగను. స్నేహితుడు పంపితే ఈ చర్చ చదివాను. నా మాట మీకు నచ్చకపోవచ్చు.

మన రాష్ట్రంలో ఎస్సీలకు 15 శాతం. 59 కులాలను మూడు వర్గాలుగా విడదీసి ఒకటి, తొమ్మిది, ఐదు శాతంగా పంచే చట్టం 2025 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. దాని కోసం 1994 నుంచి దండోరా వేసి లాఠీదెబ్బలు తిన్నవాళ్లు మా ఇళ్లలో ఉన్నారు. మిషన్ బడులు, హాస్టళ్లు అందుబాటులో ఉన్న కుటుంబాలు ఇదే వాటాలోకి కొత్తగా వస్తే నష్టం ఎవరికి? వాటా పెంచి చేర్చండి, స్వాగతిస్తాను. పెంచకుండా చేర్చితే ఒప్పుకోను.

కరీంనగర్ నర్సు:

తమ్ముడూ, నీ కోపంలో న్యాయం ఉంది. వాటా పెంచమని మేము కూడా అడగాలి, అడుగుదాం. కానీ పైన రాసిన తండ్రిని మళ్లీ చూడు. ఆయన బయటి నుంచి వస్తున్న మనిషి కాదు, ఇప్పటికే ఆ వాటాలోనే, నీ పక్కనే ఉన్నాడు. ఉత్తర్వు మారితే అలాంటివాళ్ల సంఖ్య పెరగదు, తల ఎత్తుకుని తిరిగే వీలు వస్తుంది. ఇక మిషన్ బడుల మాట. మా వాడలోని కతోలిక పిల్లల్లో ఎక్కువమంది చదివింది సర్కారు బడిలోనే. ఫీజు కట్టగలవాళ్ల పిల్లలు మిషన్ బడికి వెళ్లారు, వాళ్లలో చాలామంది క్రైస్తవులు కారు.

కాజీపేట అన్నగారూ, సత్యం చెప్పాలన్నారు. సంతోషం. అయితే సత్యం మొత్తం చెబుదాం. పెళ్లి సంబంధం వస్తే మన కతోలిక ఇళ్లలో మొదట అడిగేది కులం. జ్ఞానస్నానం తర్వాతి మాట. 2003 నవంబరు 17న పోప్ రెండో జాన్ పాల్ తమిళనాడు బిషప్పులతో మాట్లాడుతూ, క్రైస్తవుల మధ్య కుల వివక్ష ఏ రూపంలో ఉన్నా అది సువార్తకు అడ్డమని గట్టిగా హెచ్చరించారు. భారత కతోలిక బిషప్పుల సమాఖ్య 2016లో దళిత సాధికారత విధానం ప్రకటించినప్పుడు శ్రీసభలో అంటరానితనం ఉందని రాతపూర్వకంగా ఒప్పుకుంది. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) పూల అంతోని గారు కార్డినల్ అయ్యారు. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్. ఆ రోజు మా అమ్మ టీవీ ముందు మోకరించి ఏడ్చింది. ఆయనను చూసి గర్వపడినవాళ్లలో ఎంతమంది మా ఇంటితో వియ్యమందుతారు?

సార్ చెప్పిన 1985 తీర్పు మరోసారి చదవండి. క్రైస్తవంలో కులం సాగుతోందని రుజువు చూపమంది కోర్టు. ఆ రుజువు మన విచారణల్లోనే, అంటే మన పారిష్‌లలోనే ఉంది. శ్రీసభ దాన్ని కోర్టుకు ఇవ్వాలంటే తన ఇంటి వివక్షను తానే బయటపెట్టుకోవాలి. ‘క్రీస్తులో అందరం ఒక్కటే’ అని ప్రసంగంలో చెప్పి, కోర్టులో మాత్రం మా దళితులు వెలివాడలోనే ఉన్నారంటే ఎవరు నమ్ముతారు? సత్యం చెప్పే ధైర్యం మొదట కావలసింది బిషప్పుల పీఠాలకు, విచారణ మండళ్లకు. ధర్మసాగర్ అన్నను అడగడం ఆ తర్వాత.

మీరు జనగణనలో కులం గడి దగ్గర ఏమి చెబుతారో కూడా తెలుసుకోవాలని ఉంది.

కాజీపేట, గుంటూరు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లం:

నా కులం పేరే చెబుతాను. అది ఉన్నదే కాబట్టి. మా ఇళ్లలో పెళ్లిళ్ల గురించి మీరు రాసింది కాదనలేను, మా విచారణ మండలిలో ఈ మాట ఎత్తుతాను. ఉత్తర్వు మారాలన్నదానిలో నాకు పేచీ లేదు. కానీ ఆ ఉత్తర్వు అన్యాయమైనది కనుక విశ్వాసాన్ని కాదనవచ్చు అన్నదాన్ని మాత్రం ఒప్పుకోను. అన్యాయాన్ని ఎదిరించి నష్టపోవడం, అన్యాయానికి లొంగి అబద్ధం చెప్పడం ఒక్కటి కావు. ఆ నష్టంలో పాలు పంచుకోవలసిన బాధ్యత మా వంటివాళ్ల మీద ఉందంటే, అది న్యాయమైన మాట.

హన్మకొండ విశ్వాసి:

వచ్చే వారం మా విచారణ మండలి సమావేశం ఉంది. ఆ 15వ సెక్షన్ సంగతి ప్రకటనల్లో చదివించమని, ఒక న్యాయవాదిని పిలిపించి తెలుగులో వివరింపజేయమని అడుగుతాను. మతం మాట ఎత్తిన ప్రతిసారీ కులం కూడా చెప్పమని కలిపి చెప్పాలని, పత్రం రద్దయి చదువు ఆగిపోయే పిల్లల ఫీజుకు విచారణ నిధి నుంచి ఎంత ఇస్తారో ముందే నిర్ణయించాలని కూడా పట్టుబడతాను. కాజీపేట అన్నగారి చివరి మాట పట్టుకునే ఇది అడుగుతున్నాను. ఆ లెక్క తేలకుండా బలిపీఠం దగ్గర మళ్లీ ధైర్యం మాట ఎత్తవద్దని ఫాదర్ గారికి నేనే చెబుతాను.

ధర్మసాగర్ నుంచి ఒక తండ్రి:

సార్ చెప్పిన సెక్షన్ గురించి మా అమ్మాయి ఫోనులో చదివి వినిపించింది. కొంత భయం తగ్గింది. అయినా ఇప్పుడే మాట ఇవ్వను. ఏటా ఆగస్టు 10న, ఆ ఉత్తర్వు వచ్చిన రోజున, శ్రీసభ నిరసన దినం పాటిస్తుంది. మా విచారణలో ఆ రోజు నల్ల బ్యాడ్జీలు పెట్టుకునేది మా వాడ వాళ్లమే. ఈసారి మాతోపాటు ఎవరెవరు వచ్చి నిలబడతారో చూస్తాను. ఫిబ్రవరికి ఇంకా సమయం ఉంది.