ఇంట్లో చిత్తు కాగితాలతో చేతి కాగితం: మిషన్ కోసం అప్పు చేయవచ్చా?

ప్రశ్న (మల్కాజిగిరి)

నమస్కారం. మా వీధిలోని జిరాక్స్ దుకాణం నుంచి నెలకు పది కిలోల దాకా చిత్తు కాగితాలు వస్తున్నాయి. వాటిని రాత్రంతా నానబెట్టి, మిక్సీలో తిప్పి, దోమతెర బిగించిన చెక్క చట్రంతో రెండు నెలలుగా కాగితం తీస్తున్నాను. చూడటానికి బాగానే ఉంటోంది కానీ, పెన్నుతో రాస్తే ఇంకు పాకుతోంది, అంచులు చుట్టుకుపోతున్నాయి, వానలు మొదలయ్యాక ఒక్కో కాగితం ఆరడానికి రెండు రోజులు పడుతోంది. మా అత్తగారు కూడా సాయం చేస్తానంటున్నారు కనుక దీన్ని చిన్న వ్యాపారంగా మార్చుకోవాలని ఉంది. గుజ్జు మిషన్ కోసం అప్పు చేయవచ్చా?

జవాబు (ఉప్పల్)

అమ్మా, నేను కాగజ్‌నగర్‌లో కాగితం మిల్లు గుజ్జు విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి విరమించాను. మీకిప్పుడు కావలసింది మిషన్ కాదు, ప్రెస్. తడి కాగితాలను గుడ్డల మధ్య దొంతరగా పేర్చి, రెండు మందపాటి చెక్కపలకల నడుమ ఉంచి, నాలుగు మూలలా బోల్టులు బిగిస్తే నీరు చాలావరకు అక్కడే కారిపోతుంది. ఆరే సమయం తగ్గడమే కాక, పీచులు ఒకదానికొకటి దగ్గరగా అతుక్కుని కాగితానికి బలం వస్తుంది. ఆ తరువాత గుడ్డతో సహా అద్దం పలకకు అంటించి ఆరబెడితే అంచులు చుట్టుకోవు.

ఇంకు పాకడం పీచు స్వభావం. ఆరిన కాగితానికి రెండు వైపులా పలుచని గంజి పూస్తే కొంత ఆగుతుంది, జిలాటిన్ పూస్తే ఇంకా బాగా ఆగుతుంది. పటిక ఎక్కువగా వాడకండి, దాని ఆమ్లగుణం వల్ల ఏళ్లు గడిచేకొద్దీ కాగితం పెళుసెక్కుతుంది. వార్తాపత్రికలను తెల్ల కాగితంతో కలపవద్దు. వాటి గుజ్జులో లిగ్నిన్ అనే చెక్క పదార్థం మిగిలి ఉంటుంది కనుక ఎండ తగిలితే పసుపెక్కుతుంది. ఏటీఎం రసీదులను, దుకాణాల బిల్లులను అసలే వేయకండి, వాటిపై రసాయన పూత ఉంటుంది.

ఒక పని చేయండి. ఏ ఫోర్ కొలతకు కత్తిరించిన ఇరవై కాగితాలను వంటింటి తూకంపై పెట్టి, ఒక్కదాని బరువును పదహారుతో గుణించండి. అదే దాని జీఎస్ఎం, అంటే చదరపు మీటరు కాగితం తూగే గ్రాములు.

జవాబు (నాగోలు)

నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తూ అమ్మకం గురించి చెబుతాను. 150 జీఎస్ఎం కాగితమైతే కిలోకు సుమారు వంద ఏ ఫోర్ షీట్లు వస్తాయి, కానీ విడి షీట్లుగా అమ్మితే మీ ఇద్దరి శ్రమకు కూలి గిట్టదు. ఛత్తా బజార్‌లో శుభలేఖల దుకాణాలకు వెళ్లి, ఏ మందం, ఏ రంగు అడుగుతున్నారో ముందు చూసి రండి. బట్టల దుకాణాల ట్యాగులు, బంతి గింజలు పొదిగిన కార్డులు మేలు. గింజల కార్డులను ఫ్యాను కింద ఒక్క రోజులో ఆరబెట్టాలి, ఆలస్యమైతే తడికి గింజ అందులోనే మొలకెత్తుతుంది. ఒక ఆగస్టులో రెండు వందల శుభలేఖలను పూర్తిగా ఆరకముందే కవర్లలో కట్టి ఇచ్చాను. వారం తిరిగేసరికి అంచుల వెంట బూడిదరంగు బూజు పట్టింది, డబ్బంతా వాపసు ఇవ్వవలసి వచ్చింది. అందుకే ఇప్పుడు వానాకాలంలో శుభలేఖలు ఒప్పుకోవడం లేదు.

మిగిలిన గుజ్జును మోరీలో పోయకండి, గొట్టం పూడుకుపోతుంది. నీరు పిండేసి ఉండలుగా ఎండబెట్టుకుంటే మళ్లీ నానబెట్టుకోవచ్చు.

అప్పు సంగతికి వస్తే, ఉద్యమ్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) ఉచితం, అది ముందు చేయించండి. పీఎంఈజీపీ అనే కేంద్ర స్వయం ఉపాధి రుణ పథకంలో పట్టణ ప్రాంత మహిళలకు ప్రాజెక్టు వ్యయంలో 25 శాతం రాయితీ, సొంత వాటా 5 శాతం. కానీ నిలకడగా ఆర్డర్లు వచ్చాకే దాని జోలికి వెళ్లండి. శిక్షణ కావాలంటే జైపూర్ దగ్గర సాంగానేర్‌లో కుమారప్ప జాతీయ చేతి కాగిత సంస్థ ఉంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇప్పుడే తూచాను. ఇరవై కాగితాలు 270 గ్రాములు తూగాయి, అంటే 216 జీఎస్ఎం! ఇంత మందంగా తీస్తూ ఆరడం లేదని వానను తిట్టుకున్నాను. తొట్టిలో నీళ్లు పెంచి పలుచగా తీసి చూస్తాను. పలకలకు వడ్రంగితో రేపే మాట్లాడతాను.