తేలినీలాపురం గూడబాతులా, తేలుకుంచి కొంగలా: డబ్బు ముందు ఎవరికి?

టెక్కలి వాసి:
మన శ్రీకాకుళం జిల్లాలో పక్షులకి పెట్టే డబ్బు ఎలాగూ చాలదు. ఉన్నది ముందు తేలినీలాపురం గూడబాతులకే, అదే పెలికన్లకే పెట్టాలి. ఏ జీవికి ఎంత ముప్పుందో చెప్పే ఐయూసీఎన్ జాబితాలో గూడబాతుకి ముప్పు దగ్గర్లోనే ఉందని రాశారు. తేలుకుంచి ఓపెన్‌బిల్ కొంగకి ఆ బెంగ లేదు.

ఇచ్ఛాపురం కుర్రాడు:
ఏటన్నా, రెండూ సైబీరియా కొంగలే కదా! ఒకదానికి పెట్టి రెండోదానికి మానేస్తే ఎలాగ?

బొబ్బిలి మాస్టారు:
సైబీరియా మాట వదిలేయి బాబూ, పేపర్లు రాసీ రాసీ అది స్థిరపడిపోయింది. చలికాలానికి అక్కడినుంచి దిగే పక్షులు ఇక్కడ గుడ్లు పెట్టవు. ఈ రెండూ మన ఊళ్ల చెట్లమీదే పిల్లల్ని పెంచుతాయి. వీటి స్వస్థలం దక్షిణాసియా, ఆగ్నేయాసియా.

రెండూ కొంగలనడమూ సరికాదు. గూడబాతుది పెలికన్ కుటుంబం, పెలికానిఫార్మిస్ క్రమం. ఓపెన్‌బిల్‌ది స్టార్క్ కుటుంబం, సికోనిఫార్మిస్ క్రమం. తమాషా ఏమిటంటే, మన పొలాల్లో తిరిగే తెల్లకొంగని కూడా ఇప్పుడు పెలికానిఫార్మిస్‌లోనే చేర్చారు. చూపుకి ఓపెన్‌బిల్‌లా ఉన్నా వరసకి అది గూడబాతుకే దగ్గర!

తిండీ వేరే. గూడబాతు చెరువుల్లో, నౌపడ చిత్తడి నేలల్లో చేపలు పడుతుంది. ఓపెన్‌బిల్ వరిమళ్లలో నత్తల్ని ఏరుకుంటుంది. ఎదిగినదాని ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది, పిల్లలకి ఉండదు.

టెక్కలి వాసి:
మాస్టారూ, మీ మాటే నాకు బలం. 2022 మొదట్లో తేలినీలాపురంలో నులిపురుగులు పట్టి వందకు పైగా గూడబాతులు చచ్చిపోయాయి. చేపలమీదే బతికే పక్షికి ఆ చేపలే రోగం తెస్తే ఎక్కడికి పోతుంది? గూళ్లు కట్టే చోట్లు దేశం మొత్తం మీద కొన్నే.

తేలుకుంచి కోడలు:
ఆ జాబితా ప్రపంచం మొత్తం లెక్క అన్నయ్యా, మా ఊరి లెక్క కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు ఎలా కూలిపోయాయో మీకూ తెలుసు. అక్టోబరంటే కొంగలు ఇంకా మా ఊళ్లోనే ఉంటాయి. చెట్లు పోతే అవి మరో ఊరు చూసుకుంటాయి, జాబితాలో అక్షరం కూడా మారదు. రెట్ట కంపు భరించి వాటిని కాపాడుకుంటున్నది మేము. పైగా అవి తినే నత్తలు పురుగుమందు కొట్టిన మళ్లలోవే. దాని గురించి ఎవరూ అడగరేం?

టెక్కలి వాసి:
చెట్లు నాటడానికి నేను అడ్డు చెప్పను చెల్లెమ్మా, దానికి పెద్ద ఖర్చు కాదు. కానీ చేపల చెరువుల పరీక్షలు, సీజనంతా ఒక పశువైద్యుడు, ఈ రెండూ తేలినీలాపురానికే ముందు రావాలి.

తేలుకుంచి కోడలు:
వైద్యుణ్ణి మీరే ఉంచుకోండి. మొక్కలు మాత్రం ఈ వానలకే పంపమనండి, కంచెలతో సహా. కంచె లేకపోతే మేకలు ఉండనివ్వవు.