ట్రియర్‌లో ఇల్లు, లక్సెంబర్గ్‌లో ఉద్యోగం: ఆన్‌కాల్ రాత్రులను ఎలా లెక్కించాలి?

జర్మనీలోని ట్రియర్‌లో ఉంటూ లక్సెంబర్గ్ కంపెనీకి పనిచేసేవాళ్లకు, ఈ రెండు దేశాల పన్ను ఒప్పందంలో 2024 నుంచి 34 రోజుల వెసులుబాటు ఉంది కదండీ: ఏడాదిలో అన్ని రోజుల వరకు ఇంటి నుంచో, లక్సెంబర్గ్ బయట ఇంకెక్కడి నుంచో పనిచేసినా ఆ జీతంపై పన్ను లక్సెంబర్గ్‌కే. 35వ రోజు పడితే మొదటి రోజు నుంచీ ఆ బయటి రోజుల జీతమంతా జర్మనీ పన్ను ఖాతాలోకే. ఆఫీసు పనిమీద మూడో దేశం వెళ్లినా ఇందులోంచే కోత. రోజుకు 30 నిమిషాల లోపు పనైతే లెక్కలోకి రాదు.

సోషల్ సెక్యూరిటీ దారి వేరు: ఇంటి నుంచి పని 50 శాతం లోపుంటే కంపెనీ ఏ1 సర్టిఫికెట్ (ఏ దేశపు సోషల్ సెక్యూరిటీ వర్తిస్తుందో చెప్పే పత్రం) తెప్పిస్తే చాలు, లక్సెంబర్గ్‌లోనే కొనసాగొచ్చు. అక్కడ సందేహం లేదు.

చిక్కంతా ఆన్‌కాల్‌తోనే, అంటే పని వేళలు దాటాక కూడా పిలుపు వస్తే అందుకునేలా ఉండే డ్యూటీతో. రాత్రి 11:40కి ఇంట్లో సర్వర్ అలర్ట్ వచ్చి 12:20కి ముగిస్తే, రెండు తేదీల్లో చెరో 20 నిమిషాలని వదిలేయొచ్చా, 40 నిమిషాల ఒకే రోజుగా చూస్తారా? కాల్ రాకుండా కేవలం అందుబాటులో ఉన్న రాత్రుల సంగతేంటి? జర్మన్ పన్ను ఆఫీసుకు టికెట్ లాగ్ (అలర్ట్‌లు, వాటిపై పని చేసిన సమయాల రికార్డు) సరిపోతుందా, కంపెనీ సంతకంతో క్యాలెండర్ ఇవ్వాలా? రిటర్నులు వేసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు.