స్పెల్‌చెక్ పదాల జాబితాను గిట్‌లోకి మార్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

గోదారిగట్టు
ఆరుగురం కలిసి ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్‌లో స్పెల్‌చెక్ కోసం తెలుగు పదాల జాబితా చేస్తున్నాం. ఇన్నాళ్లూ వాట్సాప్‌లో జిప్‌లు పంపుకున్నాం. ఇప్పుడు ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘అసలు ఫైనల్ ఇదే’ అని మూడు ఫైళ్లు తేలాయి. మూడింట్లోనూ వేర్వేరు పదాలే. పోయిన వారం నేను చేర్చిన 400 పదాల మీద ఒకాయన పాత ఫైలు ఎక్కించేశారు. ఎవరు ఏ మార్పు చేశారో గుర్తుపెట్టుకునే గిట్‌కి మారదామంటే మాలో ఇద్దరు రిటైరైన తెలుగు మాస్టార్లు, కమాండ్లు కొట్టే నల్ల తెర చూస్తేనే హడలిపోతారు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఆన్‌లైన్‌లో పెట్టడానికి గిట్‌హబ్బా, గిట్‌ల్యాబా? లైసెన్సు ఏది పెట్టాలి?

కమిట్‌రాణి
మాకు మొదటి రోజే తలనొప్పి. లిబ్రెఆఫీస్ వాడే స్పెల్‌చెకర్ హన్‌స్పెల్‌లో, పదాలుండే డిక్ ఫైలు మొదటి లైన్లో పదాల సంఖ్య ఉంటుంది కదా. నేను 12 చేర్చి 52,310ని 52,322 చేశాను, ఇంకొకరు 5 చేర్చి 52,315 చేశారు. అంతే, కాన్‌ఫ్లిక్ట్, ఏది ఉంచాలో తెలియక గిట్ ఆగిపోతుంది. రోజూ అదే లైను దగ్గర! చివరికి ఆ అంకెను రిపోలోంచే (గిట్‌లో ఫైళ్లుండే చోటు) పీకేసి, విడుదలప్పుడు స్క్రిప్టే లెక్కపెట్టి రాసేలా చేశాం. ఇంకోటి, కొత్త పదాలను ఫైలు చివర అతికించొద్దు. అందరూ అక్కడే పెడితే అక్కడే కొట్టుకుంటాయి. సార్ట్ చేసి పెట్టండి, అదీ అందరి మెషీన్లలో ఒకే వరస వచ్చేలా ఎల్‌సీ_ఆల్=సి పెట్టుకుని.

పాతకాపు
2004లో ఎస్‌వీఎన్ (ఇదీ గిట్ లాంటిదే, దానికంటే పాతది) 1.0 వచ్చిన నెలలోనే ఆఫీసులో పెట్టినవాణ్ణి, అనుభవంతో చెబుతున్నా. అప్పటిదాకా వాడిన బిట్‌కీపర్‌ని ఉచితంగా ఇవ్వడం ఆపేస్తే, 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ కోసం రాసుకున్నది గిట్. ఆరుగురికి అదెందుకు? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. ఎస్‌వీఎన్‌లో లాక్ వేసుకుంటే ఒకరు తీసిన ఫైలు ఇంకొకరు ముట్టుకోరు.

రాత్రిబండి
లాకా! మా పాత ఆఫీసులో ఒకాయన లాక్ వేసి సంక్రాంతికి ఊరెళ్లాడు. వారం రోజులు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాం.

పాతకాపు
అన్‌లాక్‌కి ఫోర్స్ అని ఒకటుంటుంది. మాన్యువల్ చదివితే తెలిసేది.

చింతచిగురు
ఇవన్నీ సరే, అసలు దెయ్యం 200సి, అదే జీరో విడ్త్ నాన్‌జాయినర్, పక్క అక్షరాలు కలవకుండా ఆపే కనబడని గుర్తు. ‘కంప్యూటర్’ చివర కొందరి కీబోర్డు దాన్ని పెడుతుంది, కొందరిది పెట్టదు. మార్పులు చూపే డిఫ్‌లో ‘కంప్యూటర్’ ఎర్రగా పోయి ‘కంప్యూటర్’ పచ్చగా వస్తుంది. కళ్లు చికిలించి చూసినా తేడా కనబడదు. నేను సెడ్ అనే కమాండుతో మొత్తం లేపేశా. పీడ విరగడైంది.

కమిట్‌రాణి
మొత్తమా?! మరి ‘సాఫ్ట్‌వేర్’ సంగతేంటి? మధ్యలోది తీసేస్తే టకారం కింద వకారం చేరి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. పదం చివరవి మాత్రమే తీయాలి.

చింతచిగురు
‘సాఫ్ట్వేర్’ అని రాసేవాళ్లు లేరా? నూటికి యాభైమంది అలాగే రాస్తారు.

కమిట్‌రాణి
తప్పుగా రాసేవాళ్లు ఉన్నారనేగా స్పెల్‌చెక్ చేస్తున్నది! పైగా ఒక్క కమిట్‌లో, అంటే ఒక్కసారి భద్రపరిచిన మార్పులో, అన్ని లైన్లు మార్చేస్తే, ఇక ఏ పదం ఎవరు చేర్చారో బ్లేమ్‌లో చూసినా మీ పేరే కదండీ వస్తుంది.

చింతచిగురు
నా పేరు వస్తే మీకెందుకు కడుపుమంట? పని చేసినవాడి పేరే వస్తుంది.

పాతకాపు
ఎస్‌వీఎన్ అయితే ఈ గొడవే లేదు.

రాత్రిబండి
ఎస్‌వీఎన్ బ్లేమ్‌లోనూ ఆయన పేరే వస్తుంది సార్. గొడవ సాఫ్ట్‌వేర్‌ది కాదు, సెడ్ కొట్టిన చేతిది.

పెరుగన్నం
మేం ఫైళ్లకు ‘క్రియలు’, ‘నామవాచకాలు’ అని తెలుగు పేర్లు పెట్టాం. ఏవి మారాయో చూద్దామని గిట్ స్టేటస్ కొడితే బ్యాక్‌స్లాష్ 340, బ్యాక్‌స్లాష్ 260 అని వరసగా అంకెలు. వైరస్ పట్టిందని మా సార్ లాప్‌టాప్ మూసేశారు. కోర్.కోట్‌పాత్ అనే సెట్టింగ్‌ని ఫాల్స్ చేస్తే తెలుగులో కనబడింది.

అటుకులు
మాస్టార్ల సంగతి ఎవరూ పట్టించుకోలేదేం? మా నాన్నగారికి 71. తెలుగు పండితులు. గిట్‌హబ్ పేజీలో పెన్సిల్ బొమ్మ నొక్కి, అక్కడే పదం రాసి, కింద పచ్చ బటన్ నొక్కుతారు. అది ‘చూసి కలపండి’ అనే పుల్ రిక్వెస్ట్‌గా నాకొస్తుంది. కమాండ్లు లేవు, టోకెన్ల బెడద లేదు (2021 ఆగస్టు 13 నుంచి మన మెషీన్ నుంచి అక్కడికి మార్పులు పుష్ చెయ్యడానికి పాస్‌వర్డు పనికిరాదు, టోకెన్ లాంటిది కావాలి, అది ఆయనకు చెప్పాలంటే నా వల్ల కాదు). కమిట్ మెసేజ్ మాత్రం ఉత్తరంలా ఉంటుంది: “ఆర్యా, ‘గుమ్మడికాయ’కు బహువచన రూపము చేర్చితిని. పరిశీలించగలరు.”

చింతచిగురు
కమిట్ మెసేజ్ ఇంగ్లిష్‌లో ఉండాలండీ, రేపు బయటివాళ్లకు అర్థం కావద్దా?

అటుకులు
గుమ్మడికాయ బహువచనం మీద బయటివాళ్లకు పనేముంది సార్?

గోదారిగట్టు
అందరికీ థాంక్స్. నిన్న రాత్రి గిట్‌హబ్‌లోనే పెట్టేశాం. మూడు ‘ఫైనల్’లనూ కలిపి సార్ట్ చేస్తే పోయాయనుకున్న నా 400 పదాలు ‘ఫైనల్ 2’లో దొరికాయి. అంకె లైను తీసేశా. పదాల చివరి 200సిలు మాత్రమే తీసి, దాన్ని విడిగా ఒక కమిట్ చేశా. మాస్టారు పెన్సిల్ బొమ్మ నొక్కి ‘అట్లతద్ది’ చేర్చి, పని అయిందో లేదోనని మళ్లీ నాలుగుసార్లు చేర్చారు. అన్నట్టు, లైసెన్సు సంగతి ఒక్కరూ చెప్పలేదు.

పాతకాపు
లైసెన్సు తర్వాత చూద్దాం గానీ, రాత్రిబండి గారూ, ఆ సంక్రాంతి లాక్ ఏ వెర్షన్‌లో? ఎస్‌వీఎన్‌లో లాక్ వచ్చిందే 1.2లో.