హార్దికకు ఒత్తు పెట్టిందెవరు?

పొద్దున గ్రూపులో ఒకరు అడిగారు, ‘తెలుగులో ఏ తప్పు చూస్తే మీకు ఒళ్లు మండుతుంది?’ అని. నాకు మండేది ఒకటే: ‘హార్ధిక శుభాకాంక్షలు’. మండటమే కాదు, దాన్ని చేతులారా కొన్ని వందలసార్లు అచ్చు వేసిన పాపం కూడా నాదే. నాది డీటీపీ షాపు. పెళ్లి శుభలేఖలు, దశదిన కర్మ కార్డులు, ఫ్లెక్సీలు, ఇవే నా పని.

మొన్న ఒక కుర్రాడు వాళ్ల నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీకి ప్రూఫ్ చూడటానికి వచ్చాడు. స్క్రీన్ మీద వేలు పెట్టి, ‘ఇక్కడ ఒత్తు పోయిందండీ’ అన్నాడు.

‘పోలేదు బాబూ, అసలు లేదు. హృదయంలో ద కి ఒత్తు ఉందా? హార్దిక దాన్నుంచే పుట్టింది.’

కాసేపు ఆలోచించాడు. ‘అవతలి వర్గం వాళ్ల ఫ్లెక్సీలో ఉంది కదండీ’ అన్నాడు. ‘పన్నెండడుగుల ఫ్లెక్సీకి డబ్బు కడుతున్నాం, ఒత్తు దగ్గర పిసినారితనం ఎందుకు? పెట్టేయండి.’

పెట్టేశాను. సెంటర్లో పది రోజులు వేలాడింది.

ఒత్తు మర్చిపోయినవాళ్ల మీద నాకు కోపం రాదు. ‘బోజనం’, ‘దన్యవాదాలు’ అని రాస్తే అది నోరు చేసిన పని. అమ్మ, నాన్న, అన్నం, నీళ్లు, ఎద్దు, బండి, పొలం, ఇల్లు... మన సొంత మాటల్లో ఒత్తక్షరాలు (అక్షరం కింద వేసే ఒత్తులు కాదు, ఖ ఘ ధ భ లాంటి ఒత్తి పలికేవి) ఎక్కడున్నాయి? చిన్నయసూరి కూడా బాలవ్యాకరణం మొదట్లోనే సంస్కృతానికి వర్ణాలు యాభై, తెలుగుకు ముప్పై ఆరే అని లెక్క చెప్పేశాడు. ఖ ఘ ఛ ఝ లాంటివి సంస్కృతం మాటలతో పాటు వచ్చిన చుట్టాలు. చుట్టం పేరు తప్పు పలికితే క్షమించొచ్చు.

నాకు చిరాకు తెప్పించేది రెండో రకం. లేని చోట ఒత్తు తగిలించడం. ధీపావళి, జన్మధినం, భాధ, భోధన, భందువులు, నిర్ధిష్టం. ఇది తెలియకపోవడం కాదు, భయం. ఒత్తు లేకపోతే మాట పలచబడిపోతుందేమో, చదువుకోనివాడు రాసినట్టు ఉంటుందేమో అని. అందుకే ఈ తప్పులు ఎక్కువగా శుభలేఖల మీద, సన్మాన పత్రాల మీద కనబడతాయి. పాలవాడి పద్దు పుస్తకంలో కనబడవు.

నిర్ తో మొదలయ్యేవాటికి నేను షాపులో వాడే చిట్కా ఒకటి చెబుతాను. నిర్ తీసేసి చూడండి. నిర్ధారణలో మిగిలేది ధారణ, కాబట్టి ఒత్తు ఉంటుంది. నిర్దేశంలో మిగిలేది దేశం, ఒత్తు లేదు. నిర్దిష్టం ఆ నిర్దేశానికి తోబుట్టువే.

ఇక థ సంగతి. ఇది వేరే గోల. అర్థం అంటే భావం, డబ్బు. అర్ధం అంటే సగం. ‘నాకు అర్ధమైంది’ అని రాస్తే సగమైందని లెక్క. ప్రార్థన, విద్యార్థి, అభ్యర్థి, స్వార్థం, ఆర్థికం, అన్నీ పొట్టలో చుక్క ఉన్న థ కుటుంబమే. కథ, రథం, అతిథి, పథకం కూడా. కానీ మనలో ఎక్కువమంది నోట థ పలకదు, కథని ‘కధ’ అనే అంటాం. చెవికి తేడా తెలియనప్పుడు కన్నే చూసుకోవాలి. ఆ కన్నుకేమో ర కింద ఒత్తుగా వేలాడే బుల్లి థ లో చుక్క ఆనదు. పాత పుస్తకాల్లో వలపలగిలక, అంటే ముందు పలికే ర్ ని అక్షరం పక్కన ౯ లా వేసే గుర్తు, ఉండేది గుర్తుందా? ‘అథ౯ము’ అని వేసేవారు. థ పెద్దక్షరంగా నిలబడేది, చుక్క కనబడేది. వలపలగిలక పోవడంతోనే చుక్క కూడా మసకబారిందని నా అనుమానం. అనుమానమే, ఎవరూ నిఘంటువు తీసుకుని మీదికి రాకండి.

— వ్యాఖ్యలు —

“అన్నా, ‘ఉచ్ఛారణ’ మర్చిపోయావు. ఎలా పలకాలో చెప్పే మాటనే తప్పు రాస్తారు.”

నిజమే తమ్ముడూ. ఉత్, చారణ కలిసి ఉచ్చారణ. ఒత్తు లేదు. స్వ, ఇచ్ఛ కలిసిన స్వేచ్ఛకు మాత్రం ఉంది. జనం సరిగ్గా తిరగేసి ‘ఉచ్ఛారణ’, ‘స్వేచ్చ’ అని రాస్తారు. ఒకరి ఒత్తు ఒకరికి ఇచ్చేశారు.

“నేను ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. బాధ, బోధ, బంధువు, బుద్ధి. ఈ నాలుగింటిలో రెండో అక్షరం చూడండి. ధ ఉంది. వెంట ఒత్తక్షరం వస్తుంటే మొదటిది ఒత్తు వదిలేస్తుంది, ఒకే మాటలో పక్కపక్కన రెండిటిని సంస్కృతం భరించదు. ధా ధాతువును, అంటే క్రియకు మూలమైన ముక్కను, రెట్టిస్తే ‘ధధాతి’ రాదు, దధాతి వస్తుంది. భూ అయితే బభూవ. రెట్టించిన చోట ఇలా జరగాలని పాణిని సూత్రం చేశాడు. ఇలాంటి మార్పే గ్రీకులోనూ ఉందని 1863లో గ్రాస్‌మాన్ అనే జర్మన్ పండితుడు చూపించాడు. ఆయన అసలు లెక్కల మనిషి. రెండు మాటలు అతికితే మాత్రం అతుకు దగ్గర ఇది చెల్లదు. అభిధానం, భూధరం చూడండి. మా పిల్లలకు ‘బాధకు ఒక్క ఒత్తు చాలు, రెండు పెడితే భరించలేం’ అని చెప్పేవాణ్ని.”

మాస్టారూ, మీకు దణ్ణం. రేపే ఈ మాట షాపు గోడకి అంటిస్తాను.

“డాలస్ నుంచి రాస్తున్నాను. మా తప్పులు వేరేగా ఉంటాయండీ. ఫోన్లో ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే అదే తెలుగు చేస్తుంది. వట్రసుడి కావాలంటే క్రారవడి వచ్చి కూర్చుంటుంది. హ్రుదయం, గ్రుహప్రవేశం, క్రుతజ్ఞతలు. తెలియక కాదు, దిద్దే ఓపిక లేక వదిలేస్తాం. మా అమ్మ మాత్రం ప్రతి మెసేజీకీ ఎర్ర గుర్తు పెట్టి తిరిగి పంపిస్తుంది.”

“ఇంత గొడవ దేనికండీ? తెలుగు నోటికి ఒత్తులే లేవని మీరే అన్నారు. కధ అని రాస్తే కథ ఎవరికైనా తెలియకుండా పోతుందా? నన్నడిగితే ఒత్తులన్నీ తీసేసినా నష్టం లేదు.”

నేను మీతో సగం ఒప్పుకుంటాను (అర్ధం, అర్థం కాదు). కధ వల్ల కొంపలేం మునగవు. కానీ ఆ లెక్కన ళ కూడా పోతుంది. పోయినేడాది ఒక పెళ్లికొడుకు ఆల్బం మీద వేయమని కవిత రాసి తెచ్చాడు. అందులో ‘నీ కల్లు చూసి మత్తెక్కింది’ అని ఉంది. తాటిచెట్టు దగ్గర అయితే అక్షరాలా నిజమే. ఆ ఒక్క అక్షరం మార్చానని చెబితే, ‘రెండూ ఒకటే కదన్నా’ అన్నాడు. కాదయ్యా, పెళ్లయ్యాక తెలుస్తుంది అన్నాను.

“చేసారా, చేశారా? పెళ్లా, పెళ్ళా? అది కూడా తేల్చండి.”

ఆ జోలికి నేను రాను. రెండు వైపులా పెద్దవాళ్లున్నారు, ఇద్దరూ నాకు కస్టమర్లే. కానీ ‘మరియు’ సంగతి చెప్పగలను. ‘వధువు మరియు వరుడు’ అని రాసుకొస్తే నేను చెప్పకుండానే ‘వధూవరులు’ చేసేస్తా. ఇంతవరకు ఒక్కరూ పట్టుకోలేదు.

“నమస్తే అండీ. నాది చర్చ కాదు, చిన్న అనుమానం. వచ్చే వారం మా నాన్నగారి సంవత్సరీకం. కార్డు వేయించాలి. ‘సంవత్సరీకం’ అనాలా, ‘సాంవత్సరికం’ అనాలా? మా అన్నయ్య ఒకటంటాడు, బాబాయి ఒకటంటారు.”

అమ్మా, కార్డు మీద సాంవత్సరికం అని వేయించండి. సమాజం సామాజికమైనట్టే సంవత్సరం సాంవత్సరికం అవుతుంది. ఇంట్లో అందరూ సంవత్సరీకం అనే అంటారు, అననివ్వండి. కార్డు ఎక్కడ వేయించినా ప్రూఫ్ మీరే చూసుకోండి. తిథి అన్న చోట మాత్రం కాస్త పెద్దది చేసి చూడండి, థ లో చుక్క ఉందో లేదో.