ఐఫోనా ఆండ్రాయిడా? మా బామ్మర్ది ఒకటే పోరు

చీనీతోట_అనంతపురం:
అన్నలూ ఒక సలహా కావాల. మాది అనంతపురం దగ్గర పల్లె, ఏడెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది, అది కాక చుట్టుపక్కల రైతుల కాయ కూడా మార్కెట్‌కి నేనే తోలిస్తా, అంటే పొద్దున లేచిన కాడినుంచి ఫోన్ మీదే బతుకు. ఇప్పుడుండే ఆండ్రాయిడ్‌కి నాలుగేండ్లయింది, మధ్యాహ్నానికే ఛార్జింగ్ అయిపోతాంది. 60 వేల దాకా పెట్టుకోగలను. బామ్మర్ది బెంగళూరులో సాఫ్ట్‌వేర్, వాడి లెక్కలో ఐఫోన్ తప్ప ఇంకోటి ఫోనే కాదు, మొన్న పండక్కి వచ్చి "ఏం బావా ఇంకా దీన్నే తిప్పుతాండావా" అని అందరి ముందర అనేసినాడు, మా ఆవిడ కూడా నవ్వింది (అది వేరే కత). నా భయమంతా కాల్ రికార్డింగ్ గురించి. టన్ను ఎంతకి మాట్లాడుకున్నాం, సూటు (తూకంలో కోత) ఎంత తీస్తామన్నారు, ఇవి పొద్దున ఒకటి చెప్పి లారీ దిగినాక ఇంకోటి చెప్పేవాళ్లు ఉంటారు, రికార్డింగ్ వినిపిస్తే గమ్మునైపోతారు. ఐఫోన్‌లో అది ఉంటాదా? రెండు సిమ్‌లు కావాల, వాట్సాప్‌లో ఆరేండ్ల రైతుల లెక్కలుండాయి అవి పోకూడదు. దయచేసి ఫ్యాన్ వార్ వద్దు.

బొరుగులమిక్చర్:
వద్దన్నాడంటే మొదలైనట్టే. నేను బొరుగులు కలుపుకొని కూచుంటా, కానీండి.

గుత్తిబ్రో:
నేను ఐదేండ్లుగా ఐఫోనే అన్నా, మళ్లీ వెనక్కి పోయే మాటే లేదు, అయినా నీకు నిజమే చెప్తా. కాల్ రికార్డింగ్ 2024లో ఐఓఎస్ (ఐఫోన్ సాఫ్ట్‌వేర్) 18.1తో వచ్చింది, దానికి ముందు లేనే లేదు. కానీ నొక్కగానే కాల్ రికార్డ్ అవుతోందని ఇద్దరికీ వినపడేట్టు చెప్తాది, ఆ మాట ఆపలేం. రేటు మాట్లాడేటప్పుడు అవతలోడు అది విన్నాడంటే ఇంక నోరు తెరుస్తాడా చెప్పు. నంబర్ కొట్టే చోట మూడు అంకెలు నొక్కి పేరు వెతుక్కునేది కూడా 2024లోనే ఐఓఎస్ 18తో ఇచ్చినారు, ఇన్నేండ్లు ఎట్ల బతికినామో మాకే తెలీదు 😅 మరి ఎందుకు వదల్లేదంటే, నా 2019 ఫోన్ ఇప్పటికీ అప్‌డేట్ తీసుకుంటాంది, అదీగాక మా ఇంట్లో అందరిదీ అదే, ఫోటోలు నోట్సు అన్నీ దాంట్లోనే ఇరుక్కుపోయినాయి. భక్తి అంటారు గానీ సగం బద్ధకమే.

కర్నూలు_రిపేరు:
నేను కర్నూల్లో రాజ్‌విహార్ సైడు ఫోన్లు బాగు చేస్తా, రెండు రకాలూ రోజూ చేతిలోకొస్తాయి, నాకు ఏ పార్టీ లేదు. రికార్డింగ్ సంగతి ఐఫోన్ కంటే ఆండ్రాయిడ్‌లోనే ఎక్కువ మంది మోసపోతాండారు, ఎందుకంటే ఆండ్రాయిడ్ అన్నీ ఒకటే అనుకుంటారు. గూగుల్ డయలర్ (కాల్స్ చేసే యాప్) ఉండే ఫోన్లలో అదీ ఇద్దరికీ వినపడేట్టు చెప్పే రికార్డ్ చేస్తాది, గూగుల్ సొంత ఫోన్ పిక్సెల్ గానీ ఇంకోటి గానీ. శాంసంగ్‌లో వాళ్ల సొంత డయలర్ ఉంటాది, మన దేశంలో అమ్మే వాటిల్లో గమ్మున రికార్డ్ అయిపోతాది, అన్ని కాల్స్ వాటంతటవే రికార్డ్ అయ్యే సెట్టింగ్ కూడా ఉంది. ప్లేస్టోర్ యాప్ వేసుకుంటాలే అనుకోవద్దు, 2022 మే నుంచి గూగుల్ ఆ దారి మూసేసింది. అందుకే కొనేముందు షాపులో డెమో ఫోన్‌లో నీ సిమ్ వేసి, పక్కనోడికి కొట్టి, రికార్డ్ నొక్కి చూసుకో, సేల్స్ పిల్లోడు చెప్పింది నమ్మాకు.

సిమ్‌లంటావా, మన దగ్గర అమ్మే మామూలు ఐఫోన్‌లో ఒకటి చేతితో వేసే సిమ్, రెండోది ఈసిమ్, అంటే ఫోన్ లోపలే ఉండే సిమ్. ఫోన్ చచ్చిన రోజు ఈసిమ్‌ని పీకి పాత ఫోన్లో వేసుకోలేవు, లోడు దారిలో ఉన్నప్పుడు అట్లయితే తిప్పలే. వాట్సాప్ లెక్కలు మాత్రం పోవు, 2022 నుంచి మూవ్ టు ఐఓఎస్ అనే యాప్‌తో ఐఫోన్‌కి తెచ్చుకోవచ్చు, కాకపోతే కొత్త ఫోన్ సెటప్ చేసేటప్పుడే చేయాల. గూగుల్ డ్రైవ్‌లో బ్యాకప్ ఉందిలే అని ధీమాగా వచ్చేవాళ్లున్నారు, ఆ బ్యాకప్ ఐఫోన్‌లో తెరుచుకోదు. ఎవరైనా సెకండ్ హ్యాండ్ ఐఫోన్ తక్కువకి ఇస్తామంటే సెట్టింగ్స్‌లో అబౌట్ తెరిచి పార్టుల హిస్టరీ చూడు, డిస్‌ప్లే మార్చింటే అక్కడ రాసుంటాది.

లూమియా_కడప:
మీ రెండు పార్టీల కొట్లాట చూస్తే నవ్వొస్తాది నాకు, ఎందుకంటే నేను మూడో పార్టీ. విండోస్ ఫోన్. కడప ఏడు రోడ్ల కాడ టీ అంగట్లో పసుపు రంగు లూమియా టేబుల్ మీద పెట్టి ఆండ్రాయిడోళ్లతో గంటలు గంటలు వాదించినోణ్ణి, హీరోల ఫ్యాన్సు కూడా అంత చేయరప్పా, ఒక్క పాలాభిషేకమే తక్కువ. 2014లో నోకియా ఫోన్లని మైక్రోసాఫ్ట్ కొనిందంటే స్వీట్లు పంచినా. యాప్‌లు రాకపోయినా రేపొస్తాయిలే అన్నా. 2019 డిసెంబరు 31న దాంట్లో వాట్సాప్ కూడా ఆగిపోయింది, ఆ రాత్రి అందరూ హ్యాపీ న్యూ ఇయర్ పెట్టుకుంటాంటే నేను నంబర్లు కాగితం మీద రాసుకుంటాండా. ఆ కంపెనీకి నేనెవరో తెలుసా ఏమన్నా? ఇంగ మన ఫోన్ వాళ్ల ఫోన్ అంటారు, ఆండ్రాయిడ్ ఫోన్లు చేసే షావోమీ 2015లో మన శ్రీసిటీలోనే తయారీ మొదలుపెట్టింది, ఐఫోన్లు చూస్తే చెన్నై పక్కన శ్రీపెరంబుదూరులో చేస్తాండారు, రెండూ మన పక్కూర్లవే. నీ పనికి ఏది సరిపోతే అది తీసుకో, బామ్మర్ది లారీ దింపడానికి రాడు.

చీనీతోట_అనంతపురం:
అందరికీ థాంక్స్ అన్నా. బామ్మర్ది ఇంకా ఊర్లోనే ఉంటే వాడి ఐఫోన్‌లో నా సిమ్ వేసుకొని ఈ పొద్దు ఒక వ్యాపారికి కొట్టినా. సూటు మాట రాగానే రికార్డ్ నొక్కినా, అది ఇంగ్లీషులో ఏందో చెప్పింది, అవతల రెండు సెకన్లు సప్పుడు లేదు, "మార్కెట్‌కి రాప్పా, నేరుగా మాట్లాడుదాం" అని పెట్టేసినాడు. మధ్యాహ్నం షాపుకి పోయి రిపేరన్న చెప్పినట్టే శాంసంగ్‌లో చూసినా, సప్పుడు లేకుండా రికార్డయింది, దానికే అడ్వాన్స్ కట్టినా. బామ్మర్దికి ఇంకా చెప్పలే, రాత్రి బస్సెక్కినాక చెప్తా.