లడ్లోకి ఒక్క పగలు చాలా, రాత్రి ఆగాలా?

గట్టుమీద: ఇంటి నుంచి వచ్చే అమ్మానాన్నలకి లండన్ కాకుండా ఓ చిన్న ఊరు చూపించాలని ష్రాప్‌షైర్‌లోని లడ్లో అనుకుంటున్నాం. ఉండేది బర్మింగ్‌హామ్‌లో, కారు లేదు. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చా?

రైలుబండి: హాయిగా వచ్చేయొచ్చండి. నేరుగా బండి లేదు, ష్రూస్‌బరీలో మారాలి. అక్కణ్ణుంచి అరగంటే. మాంచెస్టర్, కార్డిఫ్ వాళ్లకైతే మారే పనే లేదు. స్టేషన్ నుంచి ఊళ్లోకి నడకే, కాకపోతే కాస్త ఎత్తు ఎక్కాలి. ఆదివారం మాత్రం పెట్టుకోకండి, బండ్లు తక్కువ. సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో కోట గుమ్మం ముందే సంత. మధ్యాహ్నం దాటాక ఒక్కొక్కరే సర్దేస్తారు కాబట్టి ముందు సంత, తర్వాత కోట. రాత్రి ఆగడం డబ్బు దండగ.

పాతగోడ: అలా పరిగెడితే చర్చి ఎగిరిపోతుంది సార్. సెయింట్ లారెన్స్‌లో గాయకులు కూర్చునే చోట మడిచే చెక్క సీట్లు 28 ఉన్నాయి. ప్రతి సీటు అడుగునా ఓ చెక్కడం. ఒకదాంట్లో కల్లబొల్లి కొలతతో బీరు అమ్మిన ఆవిడని దయ్యం తలకిందులుగా భుజాన వేసుకుని నరకానికి మోసుకుపోతుంటుంది, ఆ దొంగ కొలపాత్ర ఇంకా ఆవిడ చేతిలోనే! ఇంకో దయ్యం చిట్టా చదువుతుంటుంది. ఇవన్నీ వంగి వంగి చూడాలి, గంట పడుతుంది. గోపురం 135 అడుగులు, 200 మెట్లు, ఇరుకు మెలికలు. మోకాళ్ల నొప్పులుంటే ఆ ఊసే వద్దు.

సీమోడు: ఆ కోట సంగతి మనవాళ్లకి ఎవరూ చెప్పరేం? 1811లో దాన్ని కొన్న పొవిస్ ప్రభువు ఎవరనుకున్నారు, రాబర్ట్ క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్ క్లైవ్. 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు. 1800లో నిజాం మన దత్త మండలాలని కంపెనీకి రాసిచ్చింది ఈయన హయాంలోనే. కోట నేటికీ ఆ పొవిస్ ప్రభువుల ఎస్టేటుదే, అందుకని పాత కట్టడాలు చూసుకునే నేషనల్ ట్రస్ట్ సంస్థ సభ్యత్వ కార్డు చూపిస్తే లోపలికి వదలరు, టికెట్ కొనాల్సిందే.

రైలుబండి: చరిత్ర సరే. కోటకి చాలాచోట్ల పైకప్పే లేదు, గుండ్రటి ప్రార్థనా మందిరం కూడా మొండిగోడలే. వాన కురిస్తే రెండ్రోజులుండి ఏం చేస్తారు, గదిలో టీ తాగుతారా?

పాతగోడ: రెండ్రోజులుంటే ఒకటైనా తెరిపి ఇస్తుంది, ఒక్కరోజు ప్లానుకి ఆ దిక్కూ లేదు. తెరిపిస్తే డినమ్ వంతెన దాటి టీమ్ నది అవతలి గట్టున బ్రెడ్ వాక్ మీదుగా లడ్‌ఫర్డ్ వంతెనకి రావచ్చు. బాట వేసిన కూలీలకి డబ్బిస్తే తాగేస్తారని రొట్టెలే ఇచ్చారట, పేరు అలా వచ్చింది. కొన్నిచోట్ల మెట్లు, తడిస్తే జారుడు. పిల్లల బండి తోయలేరు. పైన విట్‌క్లిఫ్ గుట్ట నుంచి కోట, చర్చి గోపురం, ఊరంతా ఒక్క చూపులో కనిపిస్తాయి. సాయంత్రపు ఎండలో చూడాల్సింది అది, రైలు టైము చూసుకుంటూ కాదు.

గట్టుమీద: నాన్నకి మోకాళ్ల నొప్పి. మరి బ్రెడ్ వాక్?

రైలుబండి: వదిలేయండి. బ్రాడ్ స్ట్రీట్‌లో పాత ఊరి గోడ గుమ్మం బ్రాడ్ గేట్ దాకా దిగి చూసి వెనక్కి రండి. తిరుగు ఎక్కుడేనని మాత్రం గుర్తుంచుకోండి.

పాతగోడ: విట్‌క్లిఫ్‌కి టాక్సీ ఎక్కించండి. సెప్టెంబరు తిండి పండగ రోజుల్లో మాత్రం నేనూ రైలుబండి గారి పక్షమే, ఆ వారాంతం గదులు దొరకడం కష్టం.